మనం కట్టబోయే భవనం

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.



"హరిత భవనాలు, సుస్థిర అభివృద్ధి" అనే అంశం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు పది రోజుల క్రితం చీటీ పంపారు. నేను ఉర్దూ మీడియం బడిపంతులును, ఇంజనీరును కాను. ఈ సబ్జెక్టు నాకెందుకు ఇచ్చారా అని మొదట అనుకున్నాను. తర్వాత తెలిసింది, మన ఆడపిల్లల హాస్టలు, కింద షాదీఖానా కలిపి కట్టదలచిన భవనం ప్లాను ఈరోజే సభ ముందుకు వస్తున్నదని. ఆ ప్లాను నేను చూశాను. చూశాను కనుకనే ఒప్పుకున్నాను. కావున ఇది ఉపన్యాసమని అనుకోకండి, విన్నపమని అనుకోండి.

ముందు ఆ పెద్ద మాటల అర్థం చెప్పుకుందాం. 1987లో ఐక్యరాజ్యసమితి వేసిన ఒక కమిషను, నార్వే దేశపు ప్రధానమంత్రి బ్రంట్‌లండ్ గారి అధ్యక్షతన, ప్రపంచానికి ఒక నివేదిక ఇచ్చింది. మన అవసరాలు తీర్చుకుంటూనే, మన తర్వాత వచ్చేవాళ్ల అవసరాలకు కొరత రాకుండా చూసుకోవడమే సుస్థిర అభివృద్ధి అని దాని సారాంశం. మనకు ఇది కొత్త సంగతేమీ కాదు. భూమి, నీరు మన చేతిలో అమానత్ అనే కదా చిన్నప్పటి నుంచి విన్నాం. అమానత్‌ను వాడుకోవచ్చు, తినేయకూడదు.

మరి ఇందులో భవనం సంగతి ఎందుకు వచ్చింది? ప్రపంచం మొత్తం మీద ఇంధనాల వల్ల వెలువడే కర్బన వాయువులో మూడో వంతుకు పైనే భవనాలు కట్టడం వల్ల, కట్టిన తర్వాత వాటిని చల్లబరచడం, వేడి చేయడం, వెలిగించడం వల్ల వస్తున్నది. ఒక్క సిమెంటు తయారీ వాటాయే సుమారు 7, 8 శాతం. సున్నపురాయిని 1450 డిగ్రీల దాకా కాల్చాలి. ఆ కాల్చే బొగ్గు పొగ ఒకటి, రాయిలో నుంచి విడుదలయ్యే వాయువు మరొకటి. ఈ రెండోది ఎంత మంచి ఫ్యాక్టరీ పెట్టినా ఆగదు, ఎందుకంటే అది రాయిలోనే ఉన్నది. మన జిల్లాల్లో సున్నపురాయి గనులకు కొదువ లేదు గనుక ఈ సంగతి మనం ఇతరులకన్నా బాగా తెలుసుకోవాలి.

అంకెలు అట్లుంచండి. నా సొంత తప్పు ఒకటి చెప్తాను.

మాది కర్నూలు పాత బస్తీలో మా తాతగారు కట్టిన మిద్దె. రెండడుగుల మందం రాతి గోడలు, మట్టి అడుసుతో కట్టినవి. పైన దూలాలు, దంతెలు, దంతెల మీద నాపబండలు, ఆ పైన మూరెడు మందం చవుడు మట్టి. పడసాల నడిమధ్యన కప్పులో ఒక గవాక్షి. మేము గవాచి అనేవాళ్లం. వాన వస్తే దాని మీద బండ జరపడం పిల్లల పని. 2011లో ఆ మిద్దెను నేనే పడగొట్టించాను. నెలనెలా జీతం వస్తున్నది, లోను దొరుకుతున్నది, పక్కవాళ్లందరూ స్లాబు వేస్తున్నారు. నేనూ వేశాను. ముందు వైపు, అంటే పడమటి వైపు, పెద్ద అద్దాల కిటికీ పెట్టించాను. గృహప్రవేశానికి వచ్చినవాళ్లంతా మాషాఅల్లా అన్నారు.

ఆ మొదటి మే నెలలో ఒక రాత్రి రెండు గంటలప్పుడు లేచి చూస్తే అమ్మీ మంచం మీద లేదు. మిద్దె మీద, అలవాటు చొప్పున స్లాబును కూడా మిద్దె అనే అంటాం లెండి, చాప వేసుకుని కూర్చుని విసనకర్ర ఊపుకుంటున్నది. "ఏం అమ్మీ, ఫ్యాను ఉంది కదా" అంటే, "ఫ్యాను పైనున్న వేడినే కిందికి తోలుతుంది రా బేటా. పాత ఇంట్లో ఈ వేళకు దుప్పటి కప్పుకునేదాన్ని" అన్నది. తెల్లారి వెళ్లి ఏసీ తెచ్చాను. దానితో కరెంటు బిల్లు మొదలైంది, అమ్మీకి కీళ్ల నొప్పులూ మొదలయ్యాయి.

ఎందుకిట్లా జరిగిందని సైన్సు పుస్తకాలు తిరగేశాను. విషయం చాలా సులభం. అయిదంగుళాల కాంక్రీటు స్లాబు పొద్దుటి నుంచి ఎండను తాగి, సాయంత్రానికి నిండిపోయి, రాత్రంతా ఆ వేడిని కింద పడుకున్నవాళ్ల మీదకు వదులుతుంది. మూరెడు మట్టి, రెండడుగుల గోడ అయితే ఆ వేడి లోపలికి చేరేసరికే తెల్లవారుతుంది, ఈలోగా బయట చల్లబడుతుంది. వేడెక్కిన గాలి పైకి పోయే గుణం కలది గనుక గవాక్షిలో నుంచి వెళ్లిపోతుంది, దాని జాగాలోకి వాకిలి నుంచి కొత్త గాలి వస్తుంది. మా తాతకు భౌతికశాస్త్రం రాదు. కానీ ఆయన ఇంటికి వచ్చింది.

ఈ పోలికను లెక్కకట్టి చూపించిన మహానుభావుడు ఒకరున్నారు. ఈజిప్టు దేశస్థుడు హసన్ ఫతహీ, 1900లో అలెగ్జాండ్రియాలో పుట్టారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఇనుము, కలప దొరక్క ఇళ్లు ఆగిపోయినప్పుడు, అస్వాన్ వైపు నూబియా మేస్త్రీలు కలప ఆధారం లేకుండానే పచ్చి ఇటుకతో వంపు కప్పులు వేయడం చూసి, ఆ విద్యను పట్టుకున్నారు. 1964లో కైరోలో రెండు గదులు కట్టి పరీక్ష పెట్టారు. ఒకటి మందమైన మట్టి ఇటుక గది, రెండోది పల్చటి కాంక్రీటు పలకల గది. మట్టి గదిలో 24 గంటల్లో వేడి రెండు డిగ్రీలకు మించి మారలేదు. కాంక్రీటు గదిలో 36 డిగ్రీలకు పోయింది, బయటి గాలికన్నా 9 డిగ్రీలు ఎక్కువ! అంటే ఆ గదిలో కూర్చోవడంకన్నా బయట నీడలో కూర్చోవడం మేలు.

అయితే ఫతహీగారి కథలో రెండో సగం కూడా చెప్పాలి, లేకపోతే అది వకాల్తా అవుతుంది. లక్సర్ దగ్గర ఆయన 1945 ప్రాంతంలో మొదలుపెట్టిన న్యూ గుర్నా అనే గ్రామం సగంలో ఆగిపోయింది. ఎవరి కోసం కట్టారో ఆ జనం తమ పాత ఊరు వదిలి రావడానికి ఇష్టపడలేదు. ఎంత మంచి ఇల్లైనా ఉండబోయేవాళ్లు కావాలనుకోకపోతే అది ఇల్లు కాదు. అందుకే నేను ఇక్కడ హుకుం చేయడం లేదు, మీ సమ్మతి అడుగుతున్నాను.

ఇక్కడ మన బుజుర్గులలో ఒకరు మొన్ననే నాతో అన్నారు, "మాస్టరు సాబ్, మట్టి గోడలు అంటున్నారు, 2009 మరిచిపోయారా?" అని. మరిచిపోలేదు చాచా. ఆ అక్టోబరు 2వ తేదీన తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీదకు వచ్చినప్పుడు పాత బస్తీలో ఎన్ని మిద్దెలు నానిపోయి కూలాయో నేనూ చూశాను. మన భవనాన్ని మట్టితో కట్టమని నేను చెప్పడం లేదు. రెండు అంతస్తులు కావాలి, అరవై మంది ఆడపిల్లలు పడుకోవాలి, వరద వచ్చినా నిలవాలి. పునాది ఎత్తుగా ఉండాలి, కాంక్రీటు స్తంభాలు ఉండవలసిందే. నేను చెప్పేది ఏమంటే, మిద్దెలో మట్టి పోయినా మిద్దెలోని తెలివి పోకూడదు.

ఆ తెలివిని పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా తీసుకున్నారు. హైదరాబాదులో హైటెక్ సిటీ దగ్గర సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ అని ఉన్నది. 2004 జూలై 14న అప్పటి రాష్ట్రపతి, మన అబ్దుల్ కలాం సాహెబు దాన్ని ప్రారంభించారు. అమెరికావాళ్ల లీడ్ అనే కొలమానంలో అన్నిటికన్నా పై స్థాయి అయిన ప్లాటినం, అమెరికా బయట మొట్టమొదట దక్కినది ఆ భవనానికే. అందులో ఏమున్నదయ్యా అంటే, నడుమ వాకిలి, చుట్టూ జాలీ గోడలు, కప్పు మీద గడ్డి, గాలిని చల్లబరిచి లోపలికి తెచ్చే రెండు బురుజులు, వాడిన నీటిని మొక్కల వేళ్ల ద్వారా శుభ్రం చేసి మళ్లీ వాడుకునే ఏర్పాటు. నడుమ వాకిలి మన హవేలీలలో లేదా? జాలీ మన దర్గాలలో లేదా? మనం వదిలేసినదానికి వాళ్లు ప్లాటినం బిళ్ల ఇచ్చుకున్నారు! ఆ బిళ్ల మనకు అక్కర లేదు, దానికి దరఖాస్తు ఫీజూ మన దగ్గర లేదు. పని మాత్రం కావాలి.

ఢాకా నగరంలో బైతుర్ రవూఫ్ అనే మసీదు 2012లో పూర్తయింది. కట్టించినది మరీనా తబస్సుమ్ అనే మహిళా ఆర్కిటెక్టు. జాగా ఇచ్చినది ఆమె నానీ, డబ్బు ఇచ్చినది ఆ మొహల్లా జనం. మట్టి కాల్చిన ఇటుక, ఇటుకల మధ్య సందుల్లో నుంచి గాలి, కప్పులో చేసిన గుండ్రటి రంధ్రాల నుంచి వెలుతురు. నమాజు చదివేవారి ముందు వెలుతురు చుక్కలు చుక్కలుగా పడుతుందట. ఏసీ లేదు. 2016లో ఆగాఖాన్ అవార్డు దానికి వచ్చింది. చందాలతో కట్టేవాళ్లు బీదగా కట్టాలని, లేదా అప్పు చేసి గొప్పగా కట్టాలని, ఈ రెండే దారులు అనుకునేవాళ్లు దీన్ని చూడాలి.

ఇక మన ప్లాను సంగతికి వస్తాను. గీసినవారి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, మనం అడిగినదే ఆయన గీశారు. అందంగా కనిపించాలి అన్నాం, ఊళ్లో కొత్త షాపింగ్ కాంప్లెక్సులాగా గీశారు. రోడ్డు పడమటన ఉన్నది గనుక పడమటి వైపు రెండు అంతస్తుల ఎత్తు అద్దం. మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా ఎండ నేరుగా ఆ అద్దంలో నుంచే లోపలికి వస్తుంది, వచ్చినది బయటికి పోదు. అందుకని హాలుకు పన్నెండు ఏసీలు చూపారు. టన్నున్నర ఏసీ గంటకు సుమారు ఒకటిన్నర యూనిట్లు తింటుంది. పన్నెండు ఏసీలు, అయిదు గంటలు, 90 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు అనుకున్నా ఒక్క పెళ్లికి 720 రూపాయలు, ఏడాదిలో వంద శుభకార్యాలైతే 72,000. పెళ్లిళ్లు లేని నెలలో కూడా కనీస చార్జీ కట్టవలసిందే. ఆ డబ్బు ఎవరిది? బీద పిల్లల ఫీజుల కోసమని మనం ఇల్లిల్లూ తిరిగి తెచ్చినది. అవసరం లేని ఖర్చును మన దీన్ ఏమన్నదో మౌలానాగారు నాకన్నా బాగా చెప్పగలరు, ఆయన ఇక్కడే ఉన్నారు.

అద్దం తీసేసి పడమటన మెట్లు, స్నానాల గదులు, సామాన్ల గది పెడితే ఆ ఎండ వాటి మీద పడుతుంది, పిల్లల మీద పడదు. పడక గదులు ఉత్తరానికి, దక్షిణానికి తిరగాలి. దక్షిణం వైపు రెండడుగుల సజ్జ చాలు, ఎండాకాలం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు గనుక నీడ గోడకు వస్తుంది. గోడలో పైన, కప్పుకు ఆనుకొని వెంటిలేటర్లు. ఈమధ్య వెంటిలేటర్ అంటే ఆసుపత్రే గుర్తొస్తున్నది గాని, నేను చెప్పేది గోడలోది! మెట్ల గది పైభాగాన జాలీ పెడితే అదే మన గవాక్షి. పరదాకు పరదా, గాలికి గాలి.

కప్పు మీద తెల్లటి పగిలిన పింగాణీ టైల్స్ పరిచేది, కనీసం ఏటేటా మార్చిలో సున్నం కొట్టేది పెద్ద ఖర్చు కాదు. హైదరాబాదులో 2017లో బీదల ఇళ్ల కప్పుల మీద తెల్లటి పొర వేసి చూస్తే లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. దాని మీదనే తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానమే ప్రకటించింది. రెండు డిగ్రీలేనా అంటారేమో. ఫ్యాను కింద నిద్ర పట్టడానికి, పట్టకపోవడానికి మధ్య తేడా ఆ రెండు డిగ్రీలే.

ఇటుకల విషయంలో బట్టీ ఇటుక బదులు బూడిద ఇటుక వాడవచ్చు. కడప జిల్లా ముద్దనూరు దగ్గర థర్మల్ కేంద్రం ఉన్నది. అక్కడి బూడిదతో చేసే ఇటుకకు పొలంలో పైమట్టి గీకనక్కర లేదు, కట్టెలు కాల్చనక్కర లేదు. కానీ అందరూ ఒకేలా చేయరు. సరిగా నీళ్లు పట్టని ఇటుక చేత్తో నలిపితే పొడి అవుతుంది. చూసి కొనాలి. నేలకు మార్బుల్ ఎక్కడో రాజస్థాన్ నుంచి తెప్పించే బదులు బేతంచెర్ల నాపబండలు వేద్దాం. అవి మనకు చేరువలోవి, మన పనివాళ్లవి, కాలికి చల్లన.

నీటి గురించి కొంచెం నిదానంగా చెప్పనివ్వండి. మన భవనం కప్పు సుమారు 300 చదరపు మీటర్లు. ఏటా వాన 600 మిల్లీమీటర్లు అనుకుందాం. నా ఏడో తరగతి పిల్లలు బోర్డు మీద చేసిన లెక్క ఇది: లక్షా ఎనభై వేల లీటర్లు. అందులో అయిదో వంతు ఆవిరికి, కారుడుకు పోయినా లక్షా నలభై నాలుగు వేలు మిగులుతుంది. ఆరు వేల లీటర్ల ట్యాంకర్లు ఇరవై నాలుగు! ప్లానులో ఆ నీరంతా గొట్టంలో నుంచి రోడ్డు మీదికి పోతున్నది, మే నెలలో మనం ట్యాంకరుకు ఫోను చేస్తాం.

రెండోది వజూ నీరు. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం ఒక ముద్ నీటితో, అంటే ముప్పావు లీటరుకు కాస్త అటూ ఇటూ, వజూ చేసేవారని హదీసులలో ఉన్నది. మా బడిలో ఒకరోజు కుళాయి కింద బకెట్టు పెట్టి కొలిచాం. ఒక్కొక్కరికి సగటున అయిదు లీటర్లు పోయింది, నాకైతే ఆరు. పిల్లలు నవ్వారు, నేను తల దించుకున్నాను. సరే, అలవాటు మెల్లగా మారుతుంది. ఈలోగా ఆ నీటిలో సబ్బు లేదు, మురికి లేదు. దాన్ని మరుగుదొడ్ల నీటితో కలిపి డ్రైనేజీలోకి వదలడం నాకు మనసొప్పడం లేదు. వజూ నీటికి విడిగా ఒక పైపు వేస్తే దానంతటదే వేపచెట్లకు, గోరింటకు పోతుంది. ఇప్పుడైతే ఒక పైపు ఖర్చు. కట్టిన తర్వాతనైతే బండలు పగలగొట్టాలి, ఇక ఎవరూ పగలగొట్టరు.

సోలారు పలకలు పెడదామని యువకులు అంటున్నారు. మంచిదే. ఓర్వకల్లు దారిలో గని, శకునాల దగ్గర 2017లో వెయ్యి మెగావాట్ల సోలారు పార్కు వచ్చింది, మన ఎండకు ఆ శక్తి ఉన్నది. కానీ వరుస ముఖ్యం. చిల్లికుండలో నీళ్లు పోసేముందు చిల్లి పూడ్చాలి. పన్నెండు ఏసీలకు సోలారు పెట్టడంకన్నా ఏసీలు రెండుకు తగ్గించి, మిగిలిన ఫ్యాన్లకు, దీపాలకు సోలారు పెడితే పలకలూ తక్కువ, చందాలూ తక్కువ.

ఇంత పట్టుదలగా ఎందుకు మాట్లాడుతున్నానో కూడా చెప్పాలి. నేను మొదట పనిచేసిన ఒక బడిలో గదికి రేకుల కప్పు. కిటికీ ఒకటే, అదీ గోడవతల వాళ్ల అభ్యంతరంతో మూసేశారు. ఏప్రిల్‌లో ఒకరోజు నాలుగో తరగతి పాప సబక్ చదువుతూ చదువుతూ పుస్తకంతో సహా ముందుకు పడిపోయింది. నీళ్లు చల్లితే లేచింది. మర్నాడు వాళ్ల నాన్న వచ్చి, "మాస్టరు సాబ్, ఆడపిల్ల, ఇంట్లోనే ఉండనీయండి" అన్నాడు. ఎంత చెప్పినా వినలేదు. ఆ పాప మళ్లీ బడికి రాలేదు. పేదరికం వల్ల మానేసిందని రిజిస్టరులో రాశాను. రాసేటప్పుడే అది అబద్ధమని నాకు తెలుసు. ఆమెను మాన్పించినది ఆ కప్పు.

మన హాస్టలులో పై అంతస్తు గదుల్లో, నేరుగా స్లాబు కింద పడుకోబోయేది పల్లెల నుంచి వచ్చే ఆడపిల్లలు. పదో తరగతి పరీక్షలు మార్చి, ఏప్రిల్ నెలల్లోనే వస్తాయి. ఆ గదులకు ప్లానులో ఏసీ లేదు, ఏసీలన్నీ కింద పెళ్లిళ్ల హాలుకే. నేను ఏసీ అడగడం లేదు. కప్పు తెల్లగా చేయండి, గాలి ఆడనివ్వండి అంటున్నాను.

పునాది ఇంకా తీయలేదు. కాగితం మీద గీత మార్చడానికి రబ్బరు చాలు. ఇంజనీరు సాహెబుతో నేను మాట్లాడాను, సభ తీర్మానం చేస్తే పదిహేను రోజుల్లో వేరే ప్లాను గీసి ఇస్తానని, అదనపు ఫీజు తీసుకోనని ఆయన అన్నారు. పాత ప్లాను అధ్యక్షులవారి టేబుల్ మీద ఉన్నది. దాని పక్కన నా మాటల ప్రకారం పెన్సిలుతో గీసిన కాగితం కూడా పెట్టాను, గీతలు వంకరగా ఉంటే క్షమించండి. జొహర్ నమాజు అయ్యాక రెండూ చూడండి. పరదా అవతలి అక్కచెల్లెళ్లకు కూడా ఒక నకలు పంపాను, వాళ్ల అభిప్రాయం చీటీల మీద తీసుకోవాలని అధ్యక్షులవారికి మనవి.